బండికి సింగారము



వాకిటి ముగ్గు మొదలు పెండ్లిపందిరి వఱకు అలంకరణము మనకు వెన్నతోఁ బెట్టిన విద్య. అట్టి మనకు నేఁడొక క్రొత్త ప్రశ్న యెదురైనది. ఇంటికి వచ్చిన పికప్పు బండికి సింగార మెంతవఱకుఁ దగును?

మా మఱిది కూరగాయలను పట్టణమునకుఁ జేరవేయుటకై మొన్నటి సంక్రాంతికి అప్పుచేసి యట్టి బండి నొకటి కొనెను. మొదటి సొమ్మునకై మా తోడికోడలి గాజులు తాకట్టునఁ బడినవి. వారము తిరుగకమునుపే యాతఁడు ముందు ఉక్కుకడ్డీల గార్డు, అద్దములకు నల్లకాగితము, రంగురంగుల దీపములు, వెనుక తలుపునిండ పిల్లల పేర్లు కావలెనని బేరమాడి వచ్చెను. గాజులు విడిపించుటకుఁ గూడఁబెట్టిన సొమ్మే దానికిఁ బోవలసియుండెను. తోడికోడలు మగనితోఁ జెప్పలేక మాకడకు వచ్చి కన్నీరు పెట్టుకొనెను.

మావారు తెచ్చియిచ్చిన నిబంధనలను మేము చదివితిమి. ఉక్కుగార్డులు పాదచారులకుఁ బ్రాణాపాయకరములని, వానిపైఁ జర్య తీసికొనుఁడని కేంద్రప్రభుత్వము 2017 డిసెంబరులోనే రాష్ట్రములకు వ్రాసినది. ముందు వెనుక అద్దములు నూటికి 70 వంతులు, ప్రక్క అద్దములు 50 వంతులు వెలుతురును విడువవలెను. కాన నల్లకాగితము చెల్లదు. 1988 నాఁటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారుచేసినవారు నిర్ణయించిన వివరములకు విరుద్ధముగ బండిని మార్పరాదు. 2019లో సుప్రీంకోర్టు దీనినే స్థిరపఱచినది. ఒడలి రంగు మార్చినచో రిజిస్ట్రేషను పత్రమునందును ఆ మార్పు నెక్కింపవలెను.

అట్లయిన సింగారమే వలదా? భారతమున భీష్ముని రథమునకుఁ దాటిచెట్టు, అర్జునుని రథమునకుఁ గపి ధ్వజచిహ్నములు. అవి సొగసునకు మాత్రమే కావు. రణధూళిలో దూరమునుండియే రథము నెఱుఁగుటకుఁ గూడ. సామానుబండికిఁ దగిన సింగారమును అట్టిదే. ముందు తెల్లని, ప్రక్కలఁ బసుపుపచ్చని, వెనుక నెఱ్ఱని మెఱుపుపట్టీ లుండవలెను. జనులు వీనిని రేడియమందురు. ఇవి తమంతఁ దాము వెలుఁగవు. వెనుకబండి దీపకాంతిని మరల దానివైపే త్రిప్పి పంపును. దీపము లాఱి బండి త్రోవలో నిలిచినను, వచ్చువాని కంటికి ఇవి కనఁబడును. పేర్లు, బొమ్మలు వీనిని గాని నంబరును గాని కప్పరాదు.

ఈ మాట చెప్పినందులకు మఱిది రెండుదినములు మాతోఁ బలుకలేదు. మూఁడవనాఁటి రాత్రి సంతనుండి వచ్చుచుండఁగా, దీపము గాని పట్టీ గాని లేని ట్రాక్టరుతొట్టి యొకటి చీఁకటిలో నిలిచియుండెను. మూరెడు దూరమున బ్రేకు పడినది. తెల్లవాఱిన తరువాత నాతఁడే వచ్చి, "వదినా, ఆ పట్టీలు చాలును, పిల్లల పేర్లు చిన్నయక్షరములతో వ్రాయించెదను" అనెను. గాజులు శ్రావణమాసమున నిల్లు చేరినవి.

కావున సోదరీమణులారా, మీ యింట బండి యున్నచో, గడపకుఁ బసుపు పూయు చేతితోనే ఆ పట్టీలనుగూడఁ దడిబట్టతోఁ దుడువుఁడు. దుమ్ముపట్టిన పట్టీ వెలుఁగదు.