మట్టికుండ గుర్తు మన చీరకును రావలెను

నేత సోదరులారా! బళేపేటలో పట్టుచీర కొనువారు గుర్తులు అడుగుచున్నారు. 2004 నాటి సిల్క్ మార్క్ అసలు పట్టని చెప్పును. 2006 నాటి హ్యాండ్లూమ్ మార్క్ చేతినేత యని చెప్పును. వేసిన రంగు ఎట్టిదో, రంగునీరు ఏ కాలువ పాలైనదో అవి చెప్పవు.

నేలకు, నీటికి తక్కువ హాని చేయు సరుకులకై ప్రభుత్వము 1991లో మట్టికుండ చిహ్నముతో ఎకోమార్క్ నెలకొల్పినది. అందు వస్త్రములకును చోటిచ్చిరి. 2024లో నిబంధనలు కొత్తగా వెలువడినవి.

చేతిమగ్గమునకు కరెంటు అక్కరలేదు. అయినను పరీక్షల ఖర్చు రెండు మగ్గముల ఇంటికి మోయరాని భారము. గుర్తు మిల్లులకే దక్కినచో, శుభ్రమైన బట్ట మిల్లుదే యని జనులు తలతురు. కావున సంఘము పేరిట ఉమ్మడి దరఖాస్తును అంగీకరించి, పరీక్షల ఖర్చును ప్రభుత్వమే భరింపవలెను. మనమును 1997లో నిషేధించిన అజో రంగులను గడప తొక్కనీయరాదు. అడుగు హక్కు అప్పుడే మనకుండును.