గుర్రపునాడా కిడ్నీలో రాళ్లు.. కోత చిన్నదే, కసరత్తు పెద్దది!

వేసవి ముదిరితే కిడ్నీలో రాళ్లతో ఆసుపత్రి మెట్లెక్కేవారు పెరగడం ఏటా కనిపించేదే. వీరిలో కొందరికి అసలు చిక్కు కిడ్నీ రూపంలోనే ఉంటుంది. పుట్టుకతోనే రెండు కిడ్నీలూ కింది కొసల వద్ద అతుక్కుని గుర్రపునాడాలా ఏర్పడటం దాదాపు 500 మందిలో ఒకరికి కనిపిస్తుంది. చాలామందికి ఏ బాధా లేకపోవడంతో అది బయటపడదు.

రాయి ఎందుకు?
గర్భస్థ శిశువులో కిడ్నీలు కటి భాగం నుంచి పైకి జరుగుతూ లోపలి వైపు తిరగాలి. అతుక్కున్న కిడ్నీ మధ్యలోనే ఆగిపోతుంది. మూత్రనాళం ఆ అతుకు మీదుగా వంగి దిగాల్సి వస్తుంది. దాంతో మూత్రం నిలిచి ఇన్‌ఫెక్షన్లు, రాళ్లు వస్తాయి. ఇలాంటివారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి రాళ్ల సమస్య తప్పడం లేదు.

దారి వేరు
1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదలైన షాక్‌వేవ్ చికిత్సతో రాయి పగిలినా, వంపు కారణంగా ముక్కలు తేలిగ్గా జారిపోవు. రెండు సెంటీమీటర్లలోపు రాళ్లకు మూత్రమార్గం గుండా వంగే గొట్టం పంపి లేజర్‌తో పొడి చేయవచ్చు. అంతకు మించితే వీపున చిన్న రంధ్రం చేసి రాయిని తీసే పీసీఎన్ఎల్ ప్రధాన మార్గం. స్వీడన్ వైద్యులు ఫెర్న్‌స్ట్రామ్, జోహాన్సన్ 1976లో దీనిని వెల్లడించారు. గుర్రపునాడా కిడ్నీలో సాధారణంగా పైభాగం నుంచి ప్రవేశిస్తారు. కిడ్నీ లోతుగా ఉండటంతో పొడవైన పరికరం అవసరం కావచ్చు. కటి భాగంలోనే ఉండిపోయిన కిడ్నీకైతే ముందు పేగులు అడ్డుంటాయి కనుక ల్యాపరోస్కోపీ సాయం తీసుకుంటారు.

నిర్ధారణే కీలకం
2007లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పేదలపై శస్త్రచికిత్సల ఖర్చు భారాన్ని తగ్గించింది. అయితే ఖర్చు సమస్య తీరినంత మాత్రాన ముప్పు తొలగదు. పేగుల్లో గాలి అడ్డుపడితే అల్ట్రాసౌండ్‌లో అతుకు కనిపించకపోవచ్చు. కొందరిలో పెద్దపేగు కిడ్నీ వెనుకకు చేరి ఉంటుంది. అది తెలియకుండా సూది దింపితే పేగుకు గాయమవుతుంది. అందుకే ఆపరేషన్‌కు ముందు సీటీ స్కాన్ తప్పనిసరి. అనుభవజ్ఞుడైన యూరాలజిస్టు ఉన్నచోటికే రోగిని పంపడం మేలు.

రాయి తీసినా కిడ్నీ ఆకారం మారదు. మూత్రం పారుదలకు గట్టి అడ్డంకి ఉంటే దానినీ సరిచేయాలి. తీసిన రాయిని పరీక్షకు పంపాలి. రోజుకు కనీసం రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీరు తాగాలి. రాయి ఉన్నవారికి చలిజ్వరం వస్తే ఒక్కరోజు కూడా ఆగరాదు. నొప్పి బిళ్లతో నెట్టుకొస్తే కిడ్నీకే కాదు, ప్రాణానికే ముప్పు.