ఎడారిలోని రేగుచెట్టు



మీలో కొందరి బిడ్డలు పనికై చేరిన ఖతరు దేశములో, దోహా పట్టణమునకు దక్షిణమున అల్ వుకైర్ అను ఊరు కలదు. ఆ దేశమున ఒక్క నదియు లేదు. సంవత్సరమంతయు కురియు వాన సుమారు 3 అంగుళములే; మన యొద్ద ఒక్క పెద్దవానకే అంతకు మించి కురియును. అయినను ఆ కొంచెపు నీరును, దానితో కొట్టుకొనివచ్చిన ఒండ్రుమట్టియు పల్లపు నేలలలో నిలుచును. అట్టి పల్లమును అరబ్బులు ‘రౌద’ అందురు. అందు మన రేగునకు చుట్టమైన సిద్ర్ చెట్టును, మన తుమ్మకు చుట్టమైన సమ్ర్ చెట్టును పెరుగును. పక్షులకు గూడును, బాటసారికి నీడయు అవియే.

బండిచక్రములు పలుమారు త్రొక్కినచో ఆ మన్ను గట్టిపడును. నీరు ఇంకదు, విత్తనము మొలవదు. అందుచేతనే మొక్కలకు హాని చేయుటను ఆ దేశపువారు 1995వ సంవత్సరమున 32వ చట్టముచే నిషేధించిరి.

తోటపని చేసి చెట్టు విలువ నెరిగినవారు మీరు. అచ్చటనున్న మీవారితో ఫోనులో మాటలాడునప్పుడు ఈ మాటయు చెప్పుడి: శుక్రవారమున ఆరుబయటికి తప్పక వెళ్లవలెను, చెట్టునీడను సేదదీరవలెను, కాని టీ కాచుకొనుటకు కొమ్మ విరువరాదు, బండి బాట విడువరాదు. ఎండినట్లు తోచు కొమ్మయు ఒక్క వానకు చిగుర్పవచ్చును.