ఆ సీను ఎవరు రాయాలి?

అత్యాచారాన్ని నటించి చూపడం మన టీవీ క్రైమ్ షోలకు కొత్తేమీ కాదు. సికింద్రాబాద్‌లో ఏ ఇంట్లోనైనా రాత్రి భోజనాల వేళ రిమోట్ నొక్కండి: చిరిగిన చున్నీ, స్లో మోషన్, గుండెలదిరే సంగీతం. అదంతా ఎవరి మీద జరిగిందో ఆమెను మాత్రం ఒక్క మాట అడిగి ఉండరు. రాబర్ట్ గ్రీన్ తీసిన డాక్యుమెంటరీ ‘ప్రొసెషన్’ (2021) ఇందుకు పూర్తిగా ఎదురుదారి. చిన్నతనంలో క్యాథలిక్ మతగురువుల చేతిలో లైంగిక హింసకు గురైన ఆరుగురు మగవాళ్లు తమ సీన్లు తామే రాసుకున్నారు, ఒకరి కథలో ఒకరు వేషాలు వేశారు. డ్రామా థెరపిస్టు పక్కనే ఉన్నారు. తెర మీద కనిపించేది హింస కాదు, దాని చుట్టూ పేరుకున్న భయం. మనకూ దగ్గరి ఉదాహరణ ఉంది. స్వయంగా బాధితురాలైన సునీతా కృష్ణన్ నిర్మాణంలో రాజేష్ టచ్‌రివర్ తీసిన ‘నా బంగారు తల్లి’ 2013 సంవత్సరానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు అందుకుంది. కాకపోతే అది కథాచిత్రం. డాక్యుమెంటరీలో బాధితులతోనే సీను నటింపజేయాలంటే ఇంకా జాగ్రత్త కావాలి. నటిస్తుంటే పాత గాయం రేగొచ్చు, మధ్యలో ‘ఆపేయండి’ అంటే కెమెరా ఆగాలి. బాధితురాలి గుర్తింపు బయటపెట్టడాన్ని భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 72వ సెక్షన్ నేరమంటోంది; వయోజనురాలైన ఆమె రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప. చట్టం పేరు దగ్గర ఆగింది. నా మటుకు నేను సీనుకూ అదే షరతు పెడతాను: రాతపూర్వక అనుమతి, ఎడిటింగ్‌లో వద్దనే హక్కు, షూటింగ్ అయ్యాక కూడా కౌన్సెలింగ్ ఖర్చు. ఇవి ఇవ్వలేని నిర్మాత ఆ కథ జోలికి వెళ్లకూడదు.