పస్తును మందు అనకండి

"పొద్దున టిఫిన్ మానేసి చూడండి, మెదడు పాదరసంలా పనిచేస్తుంది." హైదరాబాద్ మన్సూరాబాద్‌లో ఈ మాట ఇప్పుడు పార్కు బెంచీల మీద, అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో, చివరికి మందుల షాపు ముందు కూడా వినిపిస్తోంది. రాత్రి ఎనిమిదింటికి భోజనం ముగించాలి, మళ్లీ మర్నాడు పన్నెండింటికే ముద్ద ముట్టాలి. మధ్యలో పదహారు గంటలు మంచినీళ్లు, పాలు లేని కాఫీ. బరువెక్కినవాళ్లు తమ మానాన తాము చేసుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. కానీ చేసినవాళ్లు చేసి ఊరుకోవడం లేదు. షుగరు బిళ్ల వేసుకునే పెద్దాయనకు, చంటిబిడ్డ తల్లికి, గ్రూప్స్‌కు చదివే పిల్లకు అందరికీ అదే సలహా పంచుతున్నారు. పైగా, ఒంటికి కాస్త కష్టం తగిలితేనే గట్టిపడుతుందట. అసలు మండిపడాల్సింది ఈ రెండో మాట మీదే.

ముందు పస్తు సిద్ధాంతం ఎక్కడ పుట్టిందో చూడాలి. కణం తనలో పాడైన భాగాలను తానే విడగొట్టి మళ్లీ వాడుకునే తీరును, అంటే ఆటోఫేజీని, విప్పిచెప్పినందుకు జపాన్ శాస్త్రవేత్త యొషినొరి ఒసుమికి 2016లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పరిశోధించింది ఈస్టు మీద. అమెరికాలో మార్క్ మాట్సన్ ఏళ్ల తరబడి పనిచేసింది ముఖ్యంగా ఎలుకల మీద. తిండి ఆపితే కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ అయిపోతుంది, కొవ్వు కరిగి కీటోన్లు తయారవుతాయి, ఎలుక మెదడులో నాడీకణాలకు బలమిచ్చే బీడీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్ పెరుగుతుంది. ఇది నిజమే. అయితే ఎలుక బతికేదే రెండు మూడేళ్లు. ఒక్క రాత్రి మేత లేకపోతే దాని బరువులో పదో వంతు దాకా పోతుంది. మనిషి అంత బరువు పోగొట్టుకోవాలంటే రోజుల తరబడి పస్తుండాలి. మాట్సన్, రాఫెల్ డి కాబో కలిసి 2019 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాసిన సమీక్షలోనే ఒక హెచ్చరిక ఉంది: మనుషుల మీద జరిగిన పరీక్షలు ఎక్కువగా అధిక బరువున్న యువకులు, నడివయసువాళ్ల మీదే జరిగాయి, వాటిని మిగతా వయసులవాళ్లకు అంటగట్టలేం. పార్కు బెంచీ మీద ప్రసంగించేవాళ్లు ఈ ముక్క ఎందుకు చెప్పరు?

బరువు సంగతీ అంతంతమాత్రమే. 2022లో చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మంది ఊబకాయుల మీద ఏడాది పాటు పరీక్ష జరిగింది. తిండి తగ్గించిన రెండు గుంపులవాళ్లూ తగ్గారు. ఎనిమిది గంటల గిరి గీసుకుని తిన్నందువల్ల అదనంగా ఒరిగింది లేదు. 2020లో అమెరికాలో 116 మంది మీద చేసిన మరో పరీక్షలో పన్నెండు వారాలకు తగ్గిన బరువు నామమాత్రం, దగ్గరుండి కొలిచినవాళ్లలో అందులో చాలా భాగం కండే.

తెలుగువాళ్లకు ఈ జాతర కొత్త కాదు. 2018 ప్రాంతంలో విజయవాడకు చెందిన వీరమాచనేని రామకృష్ణ ఆహార విధానం కోసం హాళ్లు కిటకిటలాడాయి, కొబ్బరినూనె సీసాలు ఎగబడి కొన్నారు. ఆయన వైద్యుడు కారని డాక్టర్లు టీవీల్లో మొత్తుకున్నా జనం తగ్గలేదు. నాగోలులో మెట్రో ఎక్కితే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాద్ వచ్చిన సంస్థ. 2024లో పదిహేడు సూచనలతో ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. ఇంటి పక్కన ఇంత విద్య పెట్టుకుని ఫోనులో వచ్చిన వీడియోను నమ్మడం ఏం చదువు?

ఇక ఆడవాళ్ల సంగతి. మన్సూరాబాద్‌లోని సహారా ఎస్టేట్స్ చుట్టుపక్కల ఇళ్లలో పనిచేసే ఆమె ఐదింటికి లేస్తుంది. తన ఇంట్లో వంట చేసి, పిల్లలకు డబ్బా కట్టి, మూడు నాలుగు ఇళ్లలో గిన్నెలు తోమాక పదకొండు దాటితే గానీ రాత్రి మిగిలిన అన్నంలో పచ్చడి కలుపుకోవడానికి కూర్చోదు. లెక్కేస్తే ఆమె ఏళ్లుగా దాదాపు పదహారు గంటల ఉపవాసమే చేస్తోంది. ఆమె ఒంట్లో మిగిలింది నీరసం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతానికి రక్తహీనత ఉంది. సగానికి పైగా ఆడవాళ్లకు రక్తం చాలని చోట ఓ పూట మానెయ్యమని ఊరేగడం దుర్మార్గం. ఆకలి మెదడుకు అంత మేలైతే, 2023 అక్టోబరు 6న ఇదే రంగారెడ్డి జిల్లా రావిర్యాలలో బడిపిల్లలకు ముఖ్యమంత్రి అల్పాహార పథకం ఎందుకు మొదలుపెట్టాల్సి వచ్చింది?

షుగరు ఉన్నవాళ్లకు ఇది ప్రాణాంతకం కూడా కావచ్చు. గ్లిమెపిరైడ్ లాంటి బిళ్ల, తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. కడుపులో ఏమీ లేకపోతే రక్తంలో చక్కెర 70 కిందికి జారొచ్చు. చెమటలు, చేతుల వణుకు, మాట తడబాటు, ఆపైన స్పృహ తప్పడం. బరువులో రెండు శాతమే ఉండి శరీరానికి అందే శక్తిలో ఐదో వంతు వాడుకునేది మెదడు. ముందు దెబ్బ తినేది కూడా అదే.

మరి 'కాస్త ఒత్తిడి మంచిదే' అనే మాట? దానికి మూలంగా చెప్పేది 1908లో యెర్క్స్, డాడ్సన్ చేసిన ప్రయోగం. అక్కడా ఎలుకలే. కరెంటు షాకు మోతాదు మార్చి, ఏ మోతాదులో త్వరగా నేర్చుకుంటున్నాయో చూశారు. ఆ ప్రయోగం నుంచి గీసిన గీత పట్టుకొచ్చి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల పిల్లల మీద రుద్దుతున్నారు. హాస్టల్ మెస్సు తెరవకముందే క్లాసు, చేతిలో టీ గ్లాసు, రెండు బిస్కట్లు. సాయంత్రం మాక్ టెస్టు, గోడ మీద ర్యాంకుల పట్టీ, నెలాఖరుకు ఊరి నుంచి అప్పు చేసి పంపిన ఫీజు. దీన్ని 'కాస్త' అని కొలిచిందెవరు? 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత తెలంగాణలో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. కష్టం ఒంటికి మేలు చేసేది దాని వెనకే తిండి, నిద్ర, ఊరట ఉన్నప్పుడు. వ్యాయామం చేసినవాడి కండ పెరిగేది కూడా తిని పడుకున్నాకే.

లంఖణం పరమౌషధం అన్న పెద్దలు అజీర్తికీ జ్వరానికీ అన్నారు, ఏడాది పొడుగునా కాదు. రంజాన్ ఉపవాసంలో రోగులకు, గర్భిణులకు, ప్రయాణికులకు మినహాయింపు ఉంది. వాట్సాప్ ఉపవాసంలో ఎవరికీ లేదు.

మరి ఏం చెయ్యాలి? రాత్రి పదిన్నరకు బిర్యానీ తెప్పించుకోవడం మానేసి పెందలాడే తినొచ్చు. హాస్టళ్లు మెస్సును క్లాసు కంటే ముందు తెరవాలి. షుగరు మందు వాడేవాళ్లు డాక్టరుతో మోతాదు మార్పించుకోకుండా ఒక్క పూట కూడా తిండి మానకూడదు. కాలనీ సంక్షేమ సంఘాలు తమ గ్రూపుల్లో ముందు ఈ ఒక్క హెచ్చరికైనా పెట్టాలి.