తక్కెడ ముల్లు మన చేతిలో ఉన్నప్పుడు

2024 జూన్ 4న వెలువడిన ఫలితాలు ఒకే రోజున రెండు ప్రభుత్వాల రూపురేఖలను మార్చివేశాయి. రాష్ట్రంలో 151 స్థానాలతో అయిదేళ్లు పాలించిన పక్షం 11 స్థానాలకు కుంచించుకుపోయింది. కేంద్రంలో 303 స్థానాల భారతీయ జనతా పార్టీ 240 వద్ద ఆగిపోయింది. లోక్‌సభలో మెజారిటీకి కావలసినవి 272. లోటు 32. ఆ లోటును పూడ్చిన మిత్రపక్షాలలో అన్నిటికన్న పెద్దది మన రాష్ట్రం నుంచి 16 మంది సభ్యులతో వెళ్లిన తెలుగుదేశం పార్టీ. దాని తరువాతిది 12 మంది సభ్యులున్న బీహారు జనతాదళ్ (యు). పదేళ్ల తరువాత ఢిల్లీ తక్కెడ ముల్లు మళ్లీ ప్రాంతీయ పక్షాల చేతికి వచ్చింది.

ఈ ముల్లు మన రాష్ట్రానికి దక్కడం ఇదే మొదటిసారి కాదు. 1996లో యునైటెడ్ ఫ్రంట్ కాలంలో దక్కింది. 1998లో వాజపేయి ప్రభుత్వానికి మద్దతు ఇచ్చినప్పుడు దక్కింది. ఆ ఏడాదే జి.ఎం.సి. బాలయోగి లోక్‌సభ స్పీకరయ్యారు. 1999లో 29 మంది సభ్యులతో మరింత బలంగా దక్కింది. ముల్లు చేతికి రావడం ఒక సంగతి, దానితో ఏమి తూచారన్నది మరొక సంగతి. కనుకనే ఈ సంచికలో పాఠకుల ముందు ఒక ప్రశ్న ఉంచుతున్నాము. అవే 16 స్థానాలు విశాఖ ఉక్కు కర్మాగారం విషయంలో ఒక విధంగానూ, వక్ఫ్ చట్టం విషయంలో మరొక విధంగానూ ఎందుకు పనిచేశాయి?

సమాధానం వెదికే ముందు, ఎన్నికల ఊపు ఎంత దూరం పోతుందో గుర్తించాలి. 2019 శాసనసభ ఎన్నికల్లో తెలుగుదేశానికి దాదాపు 39 శాతం ఓట్లు వచ్చాయి; సీట్లు 23. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కూ దాదాపు 39 శాతమే, సీట్లు 11. మూడింట ఒక వంతుకు మించిన ఓటర్లు వెంట ఉన్నా సభలో మూల కూర్చోవలసి రావడం మన ఎన్నికల పద్ధతి ఫలం. నూటికి పది మంది మనసు మార్చుకుంటే చాలు, ప్రభుత్వం తలకిందులవుతుంది. రాష్ట్ర జనాభాలో ముస్లింలు సుమారు 7 శాతం. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే మన ఓటు విలువ ఏపాటిదో ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ ఊపు ఎన్నిక జరిగిన సభతోనే ఆగదు. మన విశాఖనే చూడండి. 2021 మార్చిలో జరిగిన మహా విశాఖ నగరపాలక సంస్థ ఎన్నికల్లో 98 వార్డులకు గాను 58 వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచింది. ఆ తరువాత నగరంలో కార్పొరేషన్ ఎన్నిక జరగలేదు. అయినా 2025 ఏప్రిల్‌లో 74 ఓట్లతో అవిశ్వాస తీర్మానం నెగ్గి మేయర్ పీఠం తెలుగుదేశానికి మారింది. రాష్ట్ర వక్ఫ్ బోర్డుదీ అదే కథ. 2023 అక్టోబరులో బోర్డును నియమించిన జీవోను కొత్త ప్రభుత్వం 2024 నవంబరు చివర ఉపసంహరించి, తరువాత కొత్త బోర్డును ఏర్పరచింది. అసెంబ్లీకి వేసిన ఓటు కార్పొరేషన్‌ను, బోర్డును, చివరకు మన ఖబరస్తాన్ ప్రహరీకి నిధులు మంజూరు చేసే బల్లను కూడా మార్చగలదు.

ప్రభుత్వ కార్యాలయాల ఫైళ్ల మధ్య మూడు దశాబ్దాలు గడిపిన వారికి ఇది బాగా తెలుసు. 1983 జనవరిలో అధికారానికి వచ్చిన ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఫిబ్రవరిలోనే పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించింది. వేలాది ఉద్యోగులు ఒక్క ఉత్తర్వుతో ఇంటిదారి పట్టారు. మరుసటి ఏడాది తరతరాల కరణం, మునసబు పదవులే రద్దయ్యాయి. విరమణ వయసు తరువాత మళ్లీ 58కి వచ్చింది. కరణాలు మాత్రం తిరిగి రాలేదు. ఎన్నిక తెచ్చే మార్పుల్లో కొన్ని మరో ఎన్నికతో సర్దుకుంటాయి, కొన్ని శాశ్వతంగా నిలిచిపోతాయి. ఏది ఏ కోవకు చెందినదో ముందే పసిగట్టడం పౌరుల పని.

నేటి అమెరికా ఇందుకు పెద్ద ఉదాహరణ. 2025 జనవరి 20న ప్రమాణ స్వీకారం చేసిన రోజునే అధ్యక్షుడు ట్రంప్ పెక్కు ఉత్తర్వులపై సంతకాలు చేశారు. తాత్కాలిక వీసాలపై ఉన్నవారికి అక్కడ పుట్టే పిల్లలకు పౌరసత్వం నిరాకరించే ఉత్తర్వు వాటిలో ఒకటి. న్యాయస్థానాలు దానిని నిలువరించాయి కాని, అక్కడి వేలాది తెలుగు ఇళ్లలో గుబులు పుట్టనే పుట్టింది. సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుపై లక్ష డాలర్ల రుసుము విధించారు. ఉద్యోగాలు పార్టీల వారికి పంచిపెట్టే పద్ధతికి 1883లో పెండిల్టన్ చట్టం కళ్లెం వేసింది. ఇప్పుడు విధాన నిర్ణయాలతో సంబంధమున్న ఉద్యోగులను సులువుగా తొలగించగల కొత్త వర్గాన్ని ఏర్పరచే ఉత్తర్వు కూడా ఆ తొలి రోజునే వెలువడింది. అక్కడ అధ్యక్షుని పదవీకాలం నాలుగేళ్లు. చట్టసభలో ఒక చిన్న పక్షం అలిగి లేచిపోతే ఆయన పదవి పోదు. అందుచేత అక్కడి మైనారిటీలు ఎక్కువగా కోర్టు మెట్లు ఎక్కవలసి వస్తోంది. మన పద్ధతి వేరు. 1999 ఏప్రిల్‌లో ఒక్క ఓటు తేడాతో వాజపేయి ప్రభుత్వం పడిపోయింది. ప్రభుత్వాన్ని నిలబెట్టే చేతులు లెక్కకు తక్కువైనప్పుడు ఒక్కొక్క చేయికీ విలువ పెరుగుతుంది. ఇది మన రాజ్యాంగం మనకిచ్చిన సాధనం. అది ఉండి కూడా వాడకపోతే లేనట్టే.

ఇక ఉక్కు సంగతికి వద్దాము. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చి సాధించుకున్న కర్మాగారమిది. నూటికి నూరు శాతం వాటాలను అమ్మివేయాలని 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల కమిటీ సూత్రప్రాయంగా నిర్ణయించింది. అప్పుడు బీజేపీకి సొంత బలం 303. ఎవరి దయా అక్కరలేదు. అయినా కార్మికులు చేతులు ముడుచుకు కూర్చోలేదు. రాజకీయంగా ఒకరికొకరు పడని సంఘాలు ఒకే పోరాట కమిటీ కిందికి వచ్చాయి. కూర్మన్నపాలెం కూడలిలో రిలే దీక్షలు వెయ్యి రోజులు దాటి సాగాయి. ఓటు అడగడానికి వచ్చిన ప్రతి అభ్యర్థికీ ముందుగా ఎదురైనది ఉక్కు ప్రశ్నే. 2021లో ఆమరణ దీక్షకు కూర్చున్న పల్లా శ్రీనివాసరావును గాజువాక 2024లో 95 వేలకు పైగా మెజారిటీతో గెలిపించింది. ఎన్నిక ముగిసేనాటికి ఉక్కు ఒక పార్టీ నినాదం కాదు, ప్రతి పార్టీ మెడలోని గంట.

ఢిల్లీలో తక్కెడ మారగానే ఆ గంట మోగింది. 2025 జనవరి 17న కేంద్రం 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీని ప్రకటించింది. ఇది పూర్తి విజయమని మేము అనము. సొంత ఇనుప గనులు, సెయిల్‌లో విలీనం అనే ప్రధాన కోరికలు అందులో లేవు. ఆ ఏడాదిలోనే కాంట్రాక్టు కార్మికులను తొలగించారు, వారు సమ్మెకు దిగారు. అయినా అమ్మకపు బల్లపై ఉన్న కర్మాగారానికి ఖజానా నుంచి డబ్బు వచ్చింది. అది ఎన్నిక ఫలమే, కాని నాలుగేళ్ల దీక్షా శిబిరం లేనిదే ఆ ఫలం చెట్టు మీదనే ఎండిపోయేది.

వక్ఫ్ విషయంలో జరిగినది వేరు. 2024 ఆగస్టు 8న బిల్లు లోక్‌సభకు వచ్చింది. సంయుక్త పార్లమెంటరీ కమిటీకి పంపడం వరకు మిత్రపక్షాల మాట చెల్లింది. 2025 ఏప్రిల్ 2 అర్ధరాత్రి దాటాక ఓటింగు జరిగినప్పుడు అనుకూలం 288, వ్యతిరేకం 232. తెలుగుదేశం అనుకూలంగా నిలిచింది. తన సవరణలుగా ఆ పార్టీ చెప్పుకున్నవి ప్రధానంగా మూడు: అప్పటికే నమోదై వివాదం లేని వినియోగ వక్ఫ్‌లను కదపకపోవడం, విచారణను కలెక్టరు కన్న పైస్థాయి అధికారికి అప్పగించడం, ఆస్తుల వివరాల నమోదుకు గడువు పొడిగించే వీలు. ఇవి చిన్న మార్పులని కొట్టివేయలేము. కాని ముస్లిమేతరులను బోర్డులలో నియమించడం, వక్ఫ్ చేయడానికి అయిదేళ్ల ఇస్లాం ఆచరణ నిబంధన వంటి మూలమైన అభ్యంతరాలు అలాగే మిగిలాయి.

ఒక చిన్న కూడిక చేసి చూడండి. తెలుగుదేశం 16, జనతాదళ్ (యు) 12, కలిపితే 28. ఆ రాత్రి 28 ఓట్లు అటునుంచి ఇటు వచ్చి ఉంటే రెండు వైపులా 260 చొప్పున సమానమయ్యేవి. రాజకీయం కూడికలతో నడవదని మాకు తెలుసు. అయినా బేరమాడే శక్తి ఎంత ఉండినదో ఈ అంకెలు చెబుతాయి. చివరకు కొంత ఊరట సుప్రీంకోర్టు నుంచి వచ్చింది. 2025 సెప్టెంబరు 15 నాటి మధ్యంతర ఉత్తర్వులో అయిదేళ్ల ఆచరణ నిబంధనను, ఆస్తి హక్కును అధికారి నివేదికతో తేల్చే సెక్షన్లను కోర్టు నిలిపివేసింది. కేంద్ర మండలిలోని 22 మందిలో నలుగురికి, రాష్ట్ర బోర్డులోని 11 మందిలో ముగ్గురికి మించి ముస్లిమేతరులు ఉండరాదన్నది. వినియోగ వక్ఫ్ రద్దును మాత్రం ఆపలేదు.

ఈ తేడాకు కారణం ఒక పార్టీ మంచితనమో, చెడ్డతనమో అని మేము అనుకోము. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ బిల్లుకు తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ రెండూ ఓటు వేశాయి. ఆనాడు ఢిల్లీకి వీరి అవసరమే లేదు. వీరికీ ఇక్కడ అడిగేవారు కనబడలేదు. ఏ పార్టీ అయినా తనకు నష్టం తెచ్చే కోపాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. ఉక్కు కోసం గాజువాకలో ఆటో నడిపేవారూ, కిరాణా కొట్టువారూ, నిర్వాసిత రైతులూ, అన్ని మతాల కార్మికులూ ఒక్క మాట మీద నిలిచారు. వక్ఫ్ బిల్లు మీద జరిగిన సభలు చాలావరకు మస్జిద్ ఆవరణలకూ, ఈద్గాహ్ మైదానాలకూ పరిమితమయ్యాయి. ఆ భూమిలో పేదల చదువుందని, వితంతువుల పింఛనుందని, అది కబ్జాకు గురైతే పొరుగు బస్తీ కూడా నష్టపోతుందని పక్క వీధి వారికి చెప్పినవారు తక్కువ. ఓడరేవు ముఖద్వారం వద్ద మూడు కొండలపై చర్చి, దర్గా, వేంకటేశ్వరాలయం పక్కపక్కన ఉన్న ఊరు మనది. ఇక్కడ ఆ మాట చెబితే వినేవారికి కొదవ లేదు.

నాలుగు శాతం రిజర్వేషన్ తదుపరి పరీక్ష. 2007 చట్టం ద్వారా బీసీ-ఇ కింద 14 వర్గాలకు దక్కిన ఈ సౌకర్యం, 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీదనే నేటికీ నడుస్తోంది. దానిని కాపాడుతామని తెలుగుదేశం నాయకత్వం ఎన్నికల వేళ మాట ఇచ్చింది. మతం పేరిట రిజర్వేషన్లు చెల్లవని దాని మిత్రపక్షం అంటూనే ఉంది. ఈ రెండు మాటలు ఒక రోజు ఎదురుపడక తప్పదు. ఆ రోజుకు ముందే మన శాసనసభ్యుని నుంచి, పార్లమెంటు సభ్యుని నుంచి రాతపూర్వకమైన హామీ తీసుకుని ఉంచుకోవాలి.

మా మాట ఇంతే. ఎన్నిక ప్రభుత్వాన్ని మార్చుతుంది. ఆ మారిన ప్రభుత్వం ఎవరి పని చేస్తుందన్నది ఎన్నికకూ ఎన్నికకూ మధ్య తేలుతుంది. కనుక ప్రతి మొహల్లాలో వెంటనే కొన్ని పనులు మొదలు కావాలని కోరుతున్నాము. మస్జిద్, ఖబరస్తాన్, ఆషూర్ ఖానా ఒక్కొక్కదానికీ సర్వే నంబరు, అడంగల్, వక్ఫ్ గెజిట్ నకలు ఒక ఫైలులో పెట్టండి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ నిషేధిత జాబితాలో ఆ భూమి ఉందో లేదో సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో విచారించండి. లేదంటే సమాచార హక్కు చట్టం కింద కారణం అడగండి. ఉమీద్ పోర్టల్‌లో ముతవల్లీలు నమోదు చేసిన వివరాల ప్రతిని జమాఅత్ ముందు ఉంచమనండి. ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణను దేశమంతటా జరుపుతామని ఎన్నికల సంఘం ప్రకటించింది కనుక, ఇంటింటి పేర్లనూ, పాత జాబితాలనూ ఇప్పుడే సరిచూసుకోండి. 2021లో ఎన్నికైన స్థానిక సంస్థల గడువు 2026లో ముగుస్తుంది. వార్డు అభ్యర్థి గుమ్మం తొక్కినప్పుడు టోపీ పెట్టుకుని ఫోటో దిగడం చాలదని, ఖబరస్తాన్ దారి గురించీ, ఉర్దూ బడిలో ఉపాధ్యాయ ఖాళీల గురించీ రాసిచ్చి వెళ్లమని చెప్పండి.

ముల్లు ఎవరి చేతిలో ఉన్నా, తూకం వేసే వేళ ఎదుట నిలబడి చూసేవారు ఉంటే దుకాణదారు చేయి వణుకుతుంది. అలా నిలబడి చూడడమే మన పని.