వికలాంగ విద్యార్థులు – కళాశాలల ధర్మము

ఏటేట వేసవి ముగిసి కళాశాలలు తెరచుసరికి సీట్లను గూర్చియు, రుసుములను గూర్చియు, వసతిగృహములను గూర్చియు పత్రికలలో చర్చ సాగుట పరిపాటి. కాని సీటు లభించిన పిమ్మటను తరగతిగది గడప దాటలేక వెనుకకు మరలు విద్యార్థులను గూర్చి మాటలాడువారు అరుదు. చక్రముల కుర్చీలో వచ్చినవానికి మేడమీది ప్రయోగశాల, చూపులేనివానికి నల్లబల్లమీది లెక్క, వినికిడి లేనివానికి ఆచార్యుని ఉపన్యాసము – ఈ మూడును మూసిన తలుపులే. ఆ తలుపులకు బుద్ధిపూర్వకముగా గడియ వేసినవారు లేకపోవచ్చును. తెరువవలెనని తలచినవారును లేరు. ఈ ఉపేక్షను గూర్చియే నేడు మేము నాలుగు మాటలు చెప్పదలచితిమి.

2011 జనాభా లెక్కలనుబట్టి దేశములో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలమంది. నూటికి ఇద్దరికంటె అధికము. కేంద్ర విద్యాశాఖవారి అఖిలభారత ఉన్నతవిద్యా పరిశీలనమునుబట్టి 2020-21లో ఉన్నతవిద్య నభ్యసించుచుండినవారు 4 కోట్ల 13 లక్షలమంది కాగా, వారిలో వికలాంగులు 79 వేలమంది మాత్రమే. జనములో నూటికి ఇద్దరు. కళాశాలలలో వేయికి ఇద్దరైనను నిండలేదు. వికలాంగులలో వృద్ధులు పెక్కురు కలరనుట నిజమే. ఐనను ఆ యొక్క కారణము ఇంతటి యంతరమును సమర్థింపజాలదు. చదువవలసిన వయస్సులోనున్నవారే పాఠశాలనుండి కళాశాలకు రాకముందే జారిపోవుచున్నారని ఈ అంకెలు ఘోషించుచున్నవి.

చట్టము లేకపోవుటచే ఇట్లు జరుగుచున్నదా యనిన, అదియును కాదు. 1995 నాటి చట్టము స్థానమున 2016లో పార్లమెంటు వికలాంగుల హక్కుల చట్టమును చేసినది. అది 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. పూర్వము ఏడు విధములైన వైకల్యములను మాత్రమే గుర్తించియుండగా, ఇప్పుడు ఇరువదియొకటింటిని గుర్తించినది. ప్రభుత్వ కళాశాలలును, ప్రభుత్వ ధనసాహాయ్యము పొందు కళాశాలలును, నూటికి నలుబది పాళ్లకు తక్కువ కాని వైకల్యము గలవారికి నూటికి ఐదు స్థానములకు తగ్గకుండ కేటాయింపవలెను; వయఃపరిమితిలో ఐదేండ్లు సడలింపవలెను. ప్రభుత్వము గుర్తించిన విద్యాసంస్థలన్నియు, అవి ప్రైవేటువైనను సరే, భవనములను వికలాంగులకు అందుబాటుగ నుంచునట్లును, ఒక్కొక్క విద్యార్థి యవసరమునుబట్టి తగిన సదుపాయము కల్పించునట్లును చూచుట ప్రభుత్వముల విధి. పరీక్షలలో అదనపు కాలము, వ్రాయసకాని సాయము, రెండవ మూడవ భాషలనుండి మినహాయింపు – ఇవియును చట్టములో పేర్కొనబడినవే. చట్టము నతిక్రమించినవారికి మొదటిసారి పదివేల రూపాయలవరకును, పిదప ఏబదివేలు మొదలు ఐదు లక్షలవరకును జుల్మానా విధింపవచ్చును.

వికలాంగులను ఏ పేరున పిలువవలెనను విషయమునగూడ పెక్కు వాదములు జరిగినవి. కొందరు దివ్యాంగులనుచున్నారు, మరికొందరు విభిన్న ప్రతిభావంతులనుచున్నారు. మర్యాదగల పేరు పెట్టుట మంచిదే. కాని పేరు మారినంతమాత్రమున మెట్లు తగ్గవు, ప్రశ్నపత్రము చదువబడదు. దేవుడు వరమిచ్చినను పూజారి వరమియ్యడను సామెత మన కార్యాలయములకు సరిపోయినట్లు మరి దేనికిని సరిపోదు.

మొదటి చిక్కు ధ్రువపత్రముతోనే ఆరంభమగును. గ్రామమునుండి బిడ్డను వెంటబెట్టుకొని సదరం శిబిరమునకు పోవు తండ్రి యొక దినపు కూలి, ఇరువురి ప్రయాణపు ఖర్చు వదలుకొనవలెను. కాలు లేకపోవుట కంటికి కనబడును గాన వైద్యునకు నిశ్చయించుట సులభము. అక్షరములు తారుమారుగ తోచు అభ్యసనలోపము, మనోవ్యాధి, రక్తమునకు సంబంధించిన వ్యాధులు – ఇవి కంటికి కనబడవు. మన్యప్రాంతములలో కానవచ్చు సికిల్ సెల్ వ్యాధి చట్టము గుర్తించిన వైకల్యములలో ఒకటి. ఆ వ్యాధి గల బాలిక నొప్పితో పదిదినములు మంచము పట్టి, పిదప తరగతికి వచ్చినచో, హాజరు చాలదని పరీక్షకు కూర్చుండనీయకపోవుట న్యాయమా? ఆమె యెదుట మెట్లు లేవు. హాజరుపట్టీయే ఆమెకు మెట్టు.

రెండవ చిక్కు వ్రాయసకాడు. 2018లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన మార్గదర్శకములనుబట్టి, వ్రాయసకాని సాయము కోరదగినవారికి పరీక్షలో గంటకు ఇరువది నిమిషములకు తగ్గకుండ అదనపు కాలము ఈయవలెను. విద్యార్థి తన వ్రాయసకానిని తానే తెచ్చుకొనునప్పుడు, ఆతడు విద్యార్థికంటె ఒక మెట్టు తక్కువ చదువు గలవాడై యుండవలెననియు అందులో విధించిరి. మోసము జరుగకుండుటకు ఈ నియమము మంచిదే. కాని బి.ఏ. పరీక్ష వ్రాయు అంధ విద్యార్థికి ఇంటర్మీడియెటు చదువువాడు దొరకవలెను. ఆతనికిని ఆ దినములలోనే పరీక్షలు తటస్థించవచ్చును. పరీక్షకు ముందటి రాత్రి పాఠము చదువుకొనవలసినవాడు వ్రాయసకాని కొరకు వీధులవెంట తిరుగుచుండును. చట్టము ఆతనికి హక్కు నిచ్చినది. దానిని సంపాదించు భారమునుగూడ ఆతని నెత్తినే పెట్టుచున్నాము.

ఇక ఆక్షేపణలను విచారింతము. తోడి విద్యార్థులకు మూడు గంటలుండగా ఒకనికి నాలుగు గంటలిచ్చుట పక్షపాతము కాదా యని పెద్దలు కొందరు ప్రశ్నింతురు. పరీక్ష దేనిని కొలుచుటకు ఏర్పడినది? విద్యార్థికి శాస్త్రము తెలిసినదా లేదా యని కొలుచుటకా, ఆతని వ్రేళ్ల వేగమును కొలుచుటకా? చూపు మందగించిన న్యాయవాది సులోచనములు ధరించి వాదించినప్పుడు ప్రతివాది ఆక్షేపించుట లేదుగదా! సులోచనములు వానికి లేని వాదమును కల్పింపవు. ఉన్న వాదమును చదువుకొననిచ్చును. అదనపు కాలమును అట్టిదే. అది మార్కులను దానము చేయదు. తెలిసినదానిని కాగితముమీద పెట్టుటకు వీలు కల్పించును. అందరకు ఒక్కటే కొలత చెప్పులిచ్చి, సమానత్వము పాటించితిమని తృప్తిపడుట సమానత్వము కాదు.

ఈ ధర్మసూక్ష్మమునే సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 11 నాటి తీర్పులో స్పష్టపరచినది. వ్రాయునప్పుడు చేయి బిగిసిపోవు వ్యాధి గల యొక అభ్యర్థి సివిల్ సర్వీసు పరీక్షకు వ్రాయసకానిని కోరగా, ఆతనికి నూటికి నలుబది పాళ్ల వైకల్యము లేదని అధికారులు నిరాకరించిరి. నలుబది పాళ్లను లెక్క స్థానముల కేటాయింపునకు ఉద్దేశింపబడినదేగాని, తగిన సదుపాయము పొందుటకు అది హద్దు కాజాలదని న్యాయస్థానము నిర్ణయించినది. 2024 అక్టోబరులో వైద్యవిద్యా ప్రవేశములను గూర్చి తీర్పుచెప్పుచు, వైకల్యము నలుబది పాళ్లు దాటినదను కారణమున మాత్రమే అభ్యర్థిని త్రోసివేయరాదనియు, ఆతడు చదువును సాగింపగలడా లేదా యని పరీక్షించి నిర్ణయింపవలెననియు పలికినది. అదే సంవత్సరము నవంబరులో, భవనములు మొదలగువానిని అందుబాటుగ నుంచు నియమములు కేవలము సలహాలవలె నుండరాదనియు, తప్పక పాటింపదగిన ప్రమాణములను ఏర్పరుపవలెననియు ఆజ్ఞాపించినది. ఆ వ్యాజ్యమునకు కావలసిన నివేదికను సిద్ధపరచినది హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమునకు చెందిన వైకల్య అధ్యయన కేంద్రమగుట తెలుగువారు సంతోషింపదగిన విషయము.

వ్యయమును గూర్చిన ఆక్షేపణ రెండవది. ఒక అడుగు ఎత్తునకు పండ్రెండు అడుగుల పొడవున వాలుబాట కట్టవలెనని ప్రమాణము. మూడడుగుల అరుగునకు ముప్పదియారు అడుగుల వాలుబాటయు, నడుమ నొక విశ్రమస్థానమును కావలెను. ధాన్యపుకొట్టు కట్టించినవారికి ఈ ఖర్చెంతయో మేము చెప్పనక్కరలేదు. పై అంతస్తునకు ఎత్తుయంత్రము పెట్టు స్తోమత లేని కళాశాల, ఆ విద్యార్థి యున్న తరగతిని క్రిందికి దింపవచ్చును. దానికి దమ్మిడీ ఖర్చు లేదు. ఉపాధ్యాయుడు బల్లమీద వ్రాయునదంతయు పైకి చదువుచు వ్రాసినచో అంధ విద్యార్థికి మేలగును. విద్యార్థులవైపు మొగము త్రిప్పి మాటలాడినచో పెదవుల కదలికనుబట్టి గ్రహించువానికి మేలగును. తరగతిలోని తక్కిన అరువదిమందికిని ఇందువలన నష్టమేమి? పాఠ్యగ్రంథములను బ్రెయిలీలోనికో శబ్దరూపములోనికో మార్చుకొనుటకు 2012లో సవరింపబడిన గ్రంథస్వామ్య చట్టము వెసులుబాటు కల్పించినది. కావలసినది పూనికయే.

మోసమును గూర్చిన సందేహము మూడవది. దొంగ ధ్రువపత్రములు పుట్టుచున్నవనుట అబద్ధము కాదు. దొంగను పట్టి శిక్షింపవలసినదే. అంతేగాని దొంగనాణెములున్నవని సంతను మూసివేయుదుమా?

సదుపాయ మున్నచో ఏమి జరుగునో, లేనిచో ఏమి జరుగునో మన తెలుగుదేశమే నిదర్శనము. చూపు మందగించిన ద్వారం వేంకటస్వామి నాయుడుగారు 1919లో విజయనగర సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరబోగా, ఆదిభట్ల నారాయణదాసుగారు ఆయన విద్వత్తును గుర్తించి ఆచార్యపదవినే యొసగిరి. వాయులీన లోకమునకు అది మహాభాగ్యమైనది. మచిలీపట్టణ ప్రాంతపు రైతుబిడ్డ, పుట్టుకతోనే అంధుడు, శ్రీకాంత్ బొల్లా పదవతరగతి పిమ్మట విజ్ఞానశాస్త్రములను చదువగోరగా, నియమము లొప్పవనిరి. ఆతడు న్యాయస్థానము నాశ్రయించి, అనుమతి పొంది, నూటికి తొంబదియెనిమిది మార్కులు తెచ్చుకొనెను. పిమ్మట అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయములో పట్టము పొంది, 2012లో స్వదేశమునకు మరలివచ్చి పరిశ్రమ స్థాపించి, తనవంటివారికి పని కల్పించెను. ఆతని కథ 2024లో చలనచిత్రముగ వచ్చినప్పుడు మనమందరము కన్నులు తుడుచుకొంటిమి. కాని పదునైదేండ్ల బాలుడు చదువుకొనుటకు కోర్టు మెట్లెక్కవలసివచ్చినదేల యని ఎందరము ప్రశ్నించితిమి? దావా వేయుటకు తోడు దొరకని బాలురెందరు ఇండ్లలోనే మిగిలిపోయిరో ఎవరు లెక్కించిరి?

కనుక మా సూచన లివి. ప్రతి కళాశాలయు ప్రవేశపత్రముతోపాటే విద్యార్థికి ఏ సదుపాయము కావలెనో అడిగి వ్రాసికొనవలెను. ఒకసారి వ్రాసికొన్నది చదువు ముగియువరకు చెల్లవలెను. పరీక్ష పరీక్షకు ఆతడు అర్జీ పెట్టుకొనకూడదు. ఈ పనికి బాధ్యుడైన యొక అధ్యాపకుని పేరు ప్రకటనఫలకముపై నుండవలెను. విశ్వవిద్యాలయములు వ్రాయసకాండ్ర పట్టికను సిద్ధముగ నుంచి, వారికి ప్రతిఫలము నీయవలెను. ప్రభుత్వములు శిబిరములను జిల్లా కేంద్రములకే పరిమితము చేయక గ్రామములకు దగ్గరగ జరుపవలెను. కళాశాలల గుర్తింపును పునరుద్ధరించునప్పుడు వాలుబాటను, శౌచాలయమును, పరీక్షా సదుపాయములను స్వయముగ తనిఖీ చేయవలెను.

విద్యార్థులకును ఒక మాట. సిగ్గుపడి యూరకుండకుడు. కావలసినదానిని కాగితముమీద వ్రాసి, తేదీ వేసి, అందినట్లు సంతకము తీసికొని, నకలు దగ్గర నుంచుకొనుడు. నోటిమాట గాలికి పోవును. కాగితము న్యాయస్థానమువరకు వచ్చును. కళాశాల వినకున్నచో రాష్ట్ర వికలాంగుల కమీషనరునకు ఫిర్యాదు చేయుటకు చట్టము మార్గము చూపినది.

తుదకు మా పాఠకులలో కళాశాల పాలకవర్గ సభ్యులు కలరు. భూములును ధనమును ఇచ్చి విద్యాలయములను నిలిపిన వంశములవారు కలరు. తమ తాతలు కట్టించిన భవనముపై వారి పేరు చెక్కించుకొన్న శిలాఫలకము సాధారణముగ మెట్లకు పైననే యుండును. ఆ మెట్లప్రక్క నొక వాలుబాట కట్టించినచో, ఆ పేరు ఇంతవరకు చదువలేకపోయిన బిడ్డలుకూడ దానిని సమీపింతురు. ఇది భిక్ష కాదు, వారి హక్కు. చెల్లింపక నిలిచిపోయిన బాకీ. ఈ విద్యాసంవత్సరములోనే దానిని తీర్ప నారంభింపుడని మేము ఉద్ఘాటించుచున్నాము.